ఏ భాగముతో నారంభింపవలెను?
(జపాను దేశపు "డ్రాగన్ క్వెస్టు" క్రీడామాలికనుగూర్చి యొక పాఠము)

2023వ సంవత్సరమున వేసవి సెలవులకు ముందొక దినమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు నాయొద్దకు వచ్చి, "మాష్టరుగారూ! డ్రాగన్ క్వెస్టు అను జపాను ఆటలు పదునొకండు ఉన్నవట. ఒకటి కొనియిచ్చెదనని మా నాయనగారు చెప్పినారు. దేనితో మొదలుపెట్టమందురు?" అని యడిగెను. ఈ యాటలను నేను నా కళాశాలదినములనుండియు నెఱిగినవాడను. కావున తడవుకొనక, "ఒకటి మొదలుకొని లెక్కపెట్టుట నేర్చినవాడవు గదా! మొదటిదానితోనే మొదలుపెట్టుము" అని చెప్పి పంపితిని.

బడి తిరిగి తెఱచిన పిమ్మట, "ఆట యెంతవఱకు వచ్చినది?" అని నేనతని నడిగితిని. అతడు తలవంచుకొని, "నాలుగు దినములాడి మానివేసినానండి. తిరిగినచోటనే తిరుగుట, కొట్టినవానినే కొట్టుట తప్ప నాకేమియు తోచలేదు. అది నావంటివానికి కాదేమో" అనెను. తండ్రి యిచ్చిన రూకలు వ్యర్థమైనవని వాడు సిగ్గుపడుచుండెను. తప్పు నాదైయుండగా సిగ్గు వానిపాలయ్యెను.

నా తొందరపాటువలన చెడినది సొమ్ము మాత్రమే కాదు. "ఇది నావంటివానికి కాదు" అను తలంపు ఒక బాలుని మనస్సున నాటుకొనెను. ఈ తలంపే లెక్కలయందును, ఇంగ్లీషునందును, సంగీతమునందును ఎందఱినో మొదటి మెట్టుననే నిలిపివేయుట ఉపాధ్యాయులందఱు నెఱిగినదే. కావున నే నీ విషయమును మరల మొదటినుండి విచారించితిని. ఆ విచారణ ఫలమే యీ పాఠము.

1. ఈ యాట యెట్టిది?

ఆంగ్లమున రోల్ ప్లేయింగ్ గేములని పిలువబడు నీ యాటలను మనము పాత్రధారణ క్రీడలనవచ్చును. ఆడువాడు కథలోని యొక పాత్రను ధరించును. పల్లెలను పట్టణములను తిరిగి, అచ్చటివారితో మాటలాడి, వారి మాటలలో దొరకు జాడలనుబట్టి దారి తెలిసికొనును. దారిలో నెదురైన భూతములతో పోరాడి, గెలిచినకొలది అనుభవమును ధనమును కూర్చుకొనును. అనుభవము కొంత చేరగానే అతని బలము ఒక మెట్టు పెరుగును. ధనముతో మంచి కత్తియో కవచమో కొనుక్కొనవచ్చును.

ఇందు చేతివేగముతో పని తక్కువ. శత్రువెదురైనప్పుడు ఆట యాగి, కొట్టుదువా, మంత్రము పఠింతువా, మందు వాడుదువా, పాఱిపోవుదువా యని యడుగును. మనమాలోచించుకొని చెప్పువఱకు శత్రువు వేచియుండును. చదరంగమాడువాని నిదానమును, ఇల్లు గడపువాని పొదుపును ఇందుకు కావలెను. ఓడిపోయినను సర్వము పోదు. మొదటి భాగమున వీరుడు మరణించినచో రాజు సన్నిధిని మరల కన్నులు తెఱచును. చేతి సొమ్ములో సగము పోవును గాని సంపాదించిన అనుభవము పోదు. ఈ యొక్క నియమము ఆ మాలికకు ప్రాణమని చెప్పవచ్చును. ఎంత మందబుద్ధియైనను ఓపికతో ముందుకు పోగలడు.

2. మాలిక పుట్టుక

యూజి హోరీ యను నతడు 1954లో జపానునందలి అవాజి ద్వీపమున జన్మించెను. అతడు పత్రికలకు వ్యాసములు వ్రాయుచు, కంప్యూటరుమీది మక్కువతో స్వయముగా ఆటలు కూర్చుట నేర్చుకొనెను. ఎనిక్సు అను సంస్థ 1982లో ఆటల రచనకు పోటీ యొకటి పెట్టగా, అందు బహుమానము పొందినవారిలో హోరీయు, విద్యార్థిదశయందున్న కోయిచి నకమురాయు నుండిరి. ఆ కాలమున అమెరికాలో అల్టిమా, విజర్డ్రీ యను పాత్రధారణ క్రీడలు ప్రసిద్ధములు. హోరీ వానిని మిక్కిలి ప్రేమించెను. కాని వానిని ఆడవలెనన్నచో ఖరీదైన కంప్యూటరు కావలెను, ఇంగ్లీషు రావలెను, లావుపాటి సూచనగ్రంథమును ముందుగా చదువవలెను. ఇంటిలోని టెలివిజనుకు తగిలించి యాడు ఫామికాము అను చిన్న యంత్రముమీద, ఏ గ్రంథమును చదువని పదేండ్ల బాలుడును ఈ రుచి నెఱుగునట్లు చేయుటయే అతని సంకల్పము.

నకమురా యంత్రభాషలో కూర్పు చేసెను. బాలుర వారపత్రికలో బొమ్మలకథలు వ్రాసి పేరుపొందిన అకిరా తొరియామా చిత్రములు గీచెను. నీటిబొట్టువలె నుండి నవ్వుచున్న స్లైము అను నీలిభూత మాయన చేతినుండి వచ్చినదే; అది యీనాడు మాలికకంతటికిని గుర్తు. కోయిచి సుగియామా సంగీతము కూర్చెను. అప్పటికాయనకు 55 ఏండ్లు. మొదటి భాగము 1986 మే 27వ తేదీని వెలువడెను. లోకము, కథ, భూతములు, సంగీతము అన్నియు కలిసి 64 కిలోబైట్లలో ఇమిడినవి. ఈనాడు చేతి ఫోనుతో తీసిన యొక్క ఛాయాచిత్రమునకైనను ఆ స్థలము చాలదు.

ఉపాధ్యాయులు గమనింపదగిన విషయమొకటి ఇచ్చట గలదు. ఆ మొదటి భాగము రాజసభలో నారంభమగును. గది తలుపు మూసియుండును. గదిలో మూడు పెట్టెలుండును. వానిలో 120 బంగారునాణెములు, ఒక దివిటీ, ఒక తాళపుచెవి దొరకును. రాజుతో మాటలాడుట, పెట్టె తెఱచుట, తాళపుచెవితో తలుపు తీయుట, మెట్లు దిగుట అను నాలుగు పనులును నేర్చినగాని బాలుడు గది దాటలేడు. దాటినవానికి ఆటలో కావలసిన ముఖ్యమైన పనులన్నియు వచ్చినట్లే. ఉపన్యాసము లేదు, బెత్తము లేదు. పాఠము చెప్పుచున్నారని శిష్యునికి తెలియకుండ పాఠము చెప్పుట యిదియే. కోట వెలుపలికి రాగానే నీటికావల శత్రువు కోట కనబడును. గమ్యము కన్నులయెదుటనే యున్నది. చేరుటకు మాత్రము దేశమంతయు చుట్టి రావలెను.

ఆనాటి యాటసరుకునకు జ్ఞాపకశక్తి లేదు. ఆడినంతవఱకు నిలుపుకొనవలెనన్నచో రాజు చెప్పు 20 అక్షరముల మంత్రమును కాగితముమీద వ్రాసికొని, మఱునాడు మరల తప్పులేకుండ ఎక్కింపవలెను. రెండవ భాగమున నీ మంత్రము 52 అక్షరములవఱకు పెరిగెను. ఒక్క యక్షరము తప్పినను పడినశ్రమ పోవును. శ్రుతలేఖనమునందు అశ్రద్ధ చేయువారు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనెదరు గాక!

మూడవ భాగము 1988 ఫిబ్రవరి 10వ తేదీ బుధవారమున వెలువడెను. అంగళ్లముందు జనము బారులు తీర్చి నిలిచిరి. బడి మానివేసి వచ్చిన బాలురను పోలీసులు పట్టి మందలించి పంపిరి. అటుపిమ్మట, ఈ యాటను పనిదినములలో అమ్మరాదని జపాను ప్రభుత్వము శాసనము చేసినదని యొక వదంతి లోకమంతట వ్యాపించెను. అట్టి శాసనమేదియు లేదు. తరువాతి భాగములు పెక్కు శని యాది వారములలో వెలువడుట మాత్రము నిజము. విన్నదంతయు చరిత్ర కాదని చెప్పుటకిది మంచి యుదాహరణము.

3. మూడు క్రమములు

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. ఏ మాలికనైనను మూడు క్రమములలో చదువవచ్చును. అవి పుట్టిన క్రమము, కథ నడచిన క్రమము, నేర్చుకొనువాని క్రమము.

పుట్టిన క్రమము సులభము. సంఖ్యనుబట్టి పోవుటయే. కథాక్రమము వేఱు. మొదటి మూడు భాగములును ఒకే వీరుని వంశమునకు చెందినవి. వానిలో మూడవ భాగపు కథయే అన్నిటికంటె ముందు జరిగినది, పిమ్మట మొదటిది, ఆ వెనుక రెండవది. ఇది మనకు వింతగా తోపనక్కఱలేదు. మన భారతమునందు నన్నయ 11వ శతాబ్దమున అరణ్యపర్వము నడుమ నిలిపిపోగా, 13వ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలుకొని వ్రాసెను; 14వ శతాబ్దమున ఎఱ్ఱన వచ్చి నడుమ మిగిలిన యరణ్యపర్వశేషమును పూరించెను. కథలో ముందున్నది కాలములో వెనుక పుట్టినది. అట్లని భారతము చదువువాడెవడును ఎఱ్ఱన భాగమును కడపట చదువడు.

మూడవది నేర్చుకొనువాని క్రమము. తెలుగు పద్యము నేర్పునప్పుడు, ఆదికవియని నన్నయతో నారంభింతుమా? లేదు. సుమతి, వేమన శతకముల చిన్నపద్యములు ముందు చెప్పి, తరువాత పోతనను చూపి, చెవి తీరిన పిమ్మట నన్నయను చేతికిత్తుము. నన్నయ గొప్పతనమునకు దీనివలన లోపము లేదు. ఆయనను ప్రేమింపగలుగునంతటి శక్తి శిష్యునికి కలుగనిచ్చుటయే దీని తాత్పర్యము. నేనా బాలునికి చేసినది దీనికి విరుద్ధము. రచన వయస్సును చూచితినే గాని చదువరి వయస్సును చూడనైతిని.

న్యాయముగా చెప్పవలెనన్నచో పుట్టిన క్రమమునకును ఒక గుణము గలదు. మొదటి భాగమును ముందాడినవారికి మూడవదాని కడపట గొప్ప యాశ్చర్యము కలుగును. 1988లో జపాను బాలురు పొందిన యానందము అదియే. కాని ఆ యాశ్చర్యమునకై నెలల తరబడి విసుగును భరింపజాలని బాలునికి, ఆశ్చర్యమువఱకు చేరుటయే దుర్లభము. మూడవదానితో మొదలుపెట్టి మొదటిదానికి పోయినవానికి వేఱొక యానందము గలదు. తాను తిరిగిన నేలను తరములు గడచిన పిమ్మట మరల చూచి, తాను చేసిన పని యప్పటికి పురాణమై యుండుటను వినును.

4. భాగముల గుణదోషములు

మొదటిది చిన్నది, పది పండ్రెండు గంటలలో ముగియును. వీరుడొక్కడే, శత్రువు నొక్కొక్కడే. సహచరులు లేరు. అందుచే పోరాటములలో వైవిధ్యము తక్కువ. చరిత్రమీద నాసక్తి గలవారికి అమూల్యము, క్రొత్తవానికి ఏకాంతవాసము. దాని చివర దుష్టరాజు వీరునితో, తనతో చేరినచో లోకములో సగమిచ్చెదననును. సరే యన్నవాని యాట అంతటితో ముగియును! ఆశపడినవాని గతిని ఇంతకంటె క్లుప్తముగా చెప్పుట కష్టము.

రెండవది (1987) ముగ్గురు బంధువుల ప్రయాణము. నౌకాయానమును కలదు. కాని దాని కడపటి భాగపు కాఠిన్యము ఆటగాండ్ర లోకమున సామెతవంటిది. దీనితో నారంభింపరాదు.

మూడవదియందు వీరుడు తన పదునాఱవ జన్మదినమున ఇల్లు విడిచి బయలుదేరును. సహచరులను ముగ్గురిని తానే యెన్నుకొనవచ్చును. యోధుడు, మల్లుడు, వైద్యము చేయు పురోహితుడు, మంత్రవేత్త, వర్తకుడు, విదూషకుడు అని పలువృత్తులవారుందురు. ఇరువదవ మెట్టు చేరినవారు ఒక యాలయమునకు పోయి వృత్తిని మార్చుకొనవచ్చును. మార్చుకొన్నవాడు మొదటి మెట్టునకు దిగును. అతని బలము సగమగును. నేర్చిన మంత్రములు మాత్రము నిలుచును. అన్నిటికంటె నుత్తమమైన జ్ఞానివృత్తికి పోవలెనన్నచో ఇతరులకొక దుర్లభగ్రంథము కావలెను. పోరాటము నడుమ పరిహాసమాడుచు పనిచెడగొట్టు విదూషకునికి మాత్రము ఆ గ్రంథమక్కఱలేదు. ఇరువది మెట్లు ఓపికతో వానిని వెంటబెట్టుకొని తిరిగినచో నతడు సరాసరి జ్ఞాని యగును. కడపటి బల్లమీది బాలురనుగూర్చి తొందరపడి తీర్పు చెప్పు మావంటివారు దీనిని పలుమాఱు తలంపవలెను.

ఆ భాగపు పటము మన భూగోళపటమును పోలియుండును. రోమును తలపించు నగరము, ఐగుప్తును తలపించు నెడారిదేశము, జిపాంగు అను పేర జపాను అందుండును. పోర్టోగా రాజునకు నల్లమిరియములపై నాశ. తూర్పునకు పోయి వానిని తెచ్చినచో ఓడ నిచ్చెదనని యతడు వీరునితో చెప్పును. వీరుడు పర్వతమార్గమున తూర్పునకు పోయి చేరు పట్టణము పేరు బహరత; అచ్చట పవిత్రనది ప్రవహించును; మిరియముల వర్తకముచేయు యువకుని పేరు గుప్త. భారతదేశము పేరు ఆ బాలక్రీడలో నట్లు నిలిచియున్నది. ఓడ దొరకిన క్షణమునుండి లోకమంతయు తెఱవబడును.

నాలుగవది (1990) అయిదు ప్రకరణముల గ్రంథము. మొదటి నాలుగింటిలో ఒక సైనికుడు, ఒక రాజకుమార్తె, ఒక వర్తకుడు, ఇరువురు అక్కచెల్లెండ్రు తమ తమ కథలు నడపుదురు. అయిదవదానియందు వీరుడు వచ్చి వారి నందఱ నొక్కత్రాటికి తెచ్చును. వర్తకుని ప్రకరణమున కత్తి దూయుటకంటె అంగడిలో నిలిచి బేరము చేయుటయే ముఖ్యము.

అయిదవది (1992) మూడు తరముల కథ. తండ్రి చేయి పట్టుకొని నడచు చిన్నబాలునితో నారంభమై, వాని కష్టములు, వివాహము, బిడ్డలు అను దశలన్నియు గడచును. వధువు నెన్నుకొనుట ఆడువాని వంతు. ఓడిన భూతములు కొన్ని స్నేహితులై వెంటవచ్చును. ఇది జపాను వెలుపల ఆంగ్లమున 2009లోగాని వెలువడలేదు. కథాప్రియులకు దీనిని మించినది లేదని నా నమ్మకము. కడపటి మలుపును నేనిచ్చట చెప్పను. చెప్పినచో మీ యానందమును దొంగిలించినవాడ నగుదును.

ఆఱవది (1995) రెండు లోకముల నడుమ తిరుగు కథ. ఏడవది (2000) మిక్కిలి దీర్ఘమైనది. మొదటి రూపమున నూఱు గంటలు పట్టును, తొలి పోరాటము వచ్చుటకే గంటలు గడచును. ఎనిమిదవది (2004) పర్వతములు, మైదానములు కన్నులకు నిజమువలె కనబడునట్లు నిర్మింపబడినది. శాపవశమున వికృతరూపము దాల్చిన రాజును, గుఱ్ఱమైన రాజకుమార్తెను వెంటబెట్టుకొని పోవు నొక కావలివాని కథ యది. తొమ్మిదవది (2009) చేతిలో నిముడు పాతయంత్రమునకై చేయబడినది. పదవది (2012) అనేకులు అంతర్జాలమున కలిసి యాడునది. జపాను భాష రానివారు ఆరంభమున దీనిని విడుచుటయే మేలు. పదునొకండవది (2017) పాత పద్ధతిని క్రొత్త వస్త్రములతో నలంకరించినది. దాని "ఎస్" అను వృద్ధిరూపము 2019లో వచ్చెను. అందు కావలెనన్నచో ఆటనంతయు పాతకాలపు చదునుబొమ్మల రూపముననే యాడవచ్చును. ప్రధానకథ ముగియుటకే ఏబది గంటలకు మించి పట్టును.

పేరునుగూర్చి యొకమాట. ఉత్తరామెరికాలో మొదటి భాగము 1989లో "డ్రాగన్ వారియరు" అను పేర వెలువడెను. డ్రాగన్ క్వెస్టు అను పేరును అచ్చట వేఱొక బల్లమీది యాట ముందే పెట్టుకొనియుండుటయే కారణము. 2005లో ఎనిమిదవ భాగముతో అసలుపేరే అచ్చటను వాడుకలోనికి వచ్చెను. పాత సరుకుమీద వేఱు పేరు చూచి భ్రమపడకుడు.

5. ఎవరి కేది?

మొదటి మూడు భాగములు తప్ప తక్కినవి చాలవఱకు వేఱువేఱు కథలు. నాలుగు, అయిదు, ఆఱు భాగములకు పరస్పరసంబంధమున్నను ఒకటి తెలియనిచో మఱియొకటి బోధపడదనుట లేదు. కావున ఎచ్చటనైనను ప్రవేశింపవచ్చును. నా నిర్ణయమిది.

(అ) చేతిలో ఫోను తప్ప వేఱు యంత్రము లేని బాలునికి మూడవది. మొదటి ఆఱు భాగములును, ఎనిమిదవదియు 2014, 2015 సంవత్సరములలో ఆంగ్లమున ఫోనులకును వచ్చెను.

(ఆ) క్రొత్త యంత్రము గలవానికి 2024 నవంబరు 14వ తేదీని క్రొత్తబొమ్మలతో వెలువడిన మూడవ భాగము. మొదటి రెండును అదే రూపమున 2025 అక్టోబరు 30వ తేదీని ఒక్కసంపుటముగా వచ్చెను. మూడు, ఒకటి, రెండు అను వరుసలో పోవుట ఇప్పుడు సహజమైనది.

(ఇ) పాతబొమ్మలు చూడలేనివానికి పదునొకండవది. దాని "ఎస్" రూపమునకు సుమారు పదిగంటల యుచితభాగము గలదు. దానిని ముందాడి, నచ్చినచో కొని, అచ్చటనుండియే సాగవచ్చును. సొమ్ము చెల్లించుటకు ముందు రుచిచూచుట అన్నిటికంటె మంచిపద్ధతి.

(ఈ) నవలలు చదువుటయందు ప్రీతిగలవానికి నాలుగవదియో అయిదవదియో.

(ఉ) ఆటలు కూర్చుట నేర్వదలచినవానికి మొదటిది. కాని యతడు ఆడువానివలె గాక, గడియారము విప్పి చూచువానివలె దానిని చూడవలెను.

6. తల్లిదండ్రులకు మనవి

ఇందు హింస కలదు. అది భూతములతో పోరాటము. నాలుగవది మొదలుకొని పెక్కుభాగములలో జూదశాలలు కలవు; అచ్చట పెట్టునది ఆటలోని సొమ్మే యైనను, బిడ్డలతో ఆ విషయమున ఒకమాట చెప్పుట మంచిది. ఆడినంతవఱకు నిలుపుకొనుటకు పాతభాగములలో రాజునొద్దకును, నాలుగవది మొదలుకొని ఊరిలోని దేవాలయమునకును నడచిపోవలెను. బిడ్డ గుహలో నుండగా "ఇప్పుడే కట్టివేయుము" అనినచో గంటసేపటి శ్రమ పోవచ్చును. వాడు మొండివాడగుట కిది యొక కారణము. పదినిమిషములు ముందుగా చెప్పుడు. చెప్పిన పిమ్మట మాత్రము మాట సడలింపకుడు. వారమునకు ఇన్ని గంటలని ముందే నిర్ణయించుడు. ఏబది గంటల యాట వారమునకు మూడు గంటలచొప్పున నాలుగునెలల తోడు. నాలుగు దినములలో మ్రింగవలసినది కాదు.

7. ముగింపు

ఇంతయు విచారించిన పిమ్మట నేనా బాలుని పిలిచి, "తప్పు నీది కాదు, నాది" అని యొప్పుకొంటిని. గురువు తప్పొప్పుకొనుట చూచి వాడు కొంత వెఱగుపడెను. మూడవ భాగమును వాని తండ్రి ఫోనులో పెట్టించి, ఆదివారము సాయంకాలములు గంటచొప్పున ఆడుమని చెప్పితిని. దానికి సొమ్ము నేనే యిచ్చితిని. అది నేను చెల్లింపవలసిన ఋణము.

నెలలు గడచెను. ఒకనాడు వాడు నోటుపుస్తకములో తానే గీచిన పటముతో వచ్చెను. అలియాహాను నుండి బహరతవఱకు ఎఱ్ఱసిరాతో దారి గీచియుండెను. "మాష్టరుగారూ! పోర్టోగా రాజు మిరియములకొఱకు ఓడనే యిచ్చినాడు. మిరియములకు అంత విలువ యెందుకండి?" అని యడిగెను. ఆనాటి చరిత్రపాఠమును నేను పుస్తకమునుండి గాక వాని పటమునుండి మొదలుపెట్టితిని. 1498లో వాస్కో డ గామా కళ్లికోటకు వచ్చుట, రుచికి, మందునకు ఐరోపావారు మిరియములను కోరుట, నడుమనున్న వర్తకుల చేతులు మారినకొలది వెల పెరుగుట, అన్నియు తరగతియంతయు విన్నది. "నావంటివానికి కాదు" అన్న బాలుడే నల్లబల్లయొద్ద నిలిచి దారి చూపెను.

ఆ పిమ్మట నొకనాడు వాడు తనంతట తానే మొదటి భాగమును మరల తెఱచినాడు. ఈసారి మానలేదు. "ఇది మా వీరుని దేశమేనండి!" అని వచ్చి చెప్పెను. ఆట మాఱలేదు, పటము మాఱలేదు, మాఱినది వచ్చినదారి మాత్రమే.

విద్యార్థులారా! ఎవరైనను మిమ్ము "దేనితో మొదలుపెట్టవలెను?" అని యడిగినప్పుడు మీకు తెలిసిన మొదటిదానిని చెప్పకుడు. అడిగినవాని ముఖమును చూచి, వాని కేమి యిష్టమో, వానియొద్ద నేమి యున్నదో, వానికెంత తీరిక గలదో ముందు మీరే యడుగుడు. ఉత్తరము దానంతట నదియే వచ్చును.

అభ్యాసము

1. పుట్టిన క్రమము, కథాక్రమము, నేర్చుకొనువాని క్రమము: వీని భేదమును మన భారతరచననుండి ఉదాహరించుము.
2. మొదటి భాగపు రాజసభలో బాలుడు నేర్చు నాలుగు పనులెవ్వి? అవి యేల ముందుగా నేర్పబడినవి?
3. వారమునకు మూడు గంటలు ఆడువానికి ఏబది గంటల యాట ఎన్ని వారములు పట్టును?
4. నీకిష్టమైన యొక గ్రంథమాలనుగూర్చి నీ తమ్మునికి ఏది ముందు చదువవలెనో కారణములతో ఉత్తరము వ్రాయుము.